యాభై నాలుగు రోజుల పాపకు షుగర్: ఒక కేసు, దాని వెంట తెరిచిన ఒక పాత ఫైలు

ఇద్దరు పిల్లల గురించి రాస్తున్నాను. ఇద్దరి తల్లిదండ్రులూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్లెవరో తెలిసే వివరాలు తీసేశాను.

మొదటి పాపను రాత్రి పదకొండు దాటాక ఎమర్జెన్సీకి తెచ్చారు. వయసు 54 రోజులు. మూడు రోజులుగా ఆయాసం. అంతకు ముందు చూపించిన చోట ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అనుకుని రెండు రోజులు నెబ్యులైజర్ పెట్టారు, యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు. తగ్గకపోగా పాప మగతగా పడిపోతుంటే మా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. మా డ్యూటీ డాక్టరు కూడా మొదట అదే అనుకున్నారు. ఆక్సిజన్ పెట్టి, ఎక్స్‌రే రాసి, నాకు ఫోన్ చేశారు. ఆ వయసు పిల్లలకు ఆయాసం అంటే నూటికి తొంభై సార్లు మనసు ఊపిరితిత్తుల మీదికే పోతుంది. నేను ముందు చూసి ఉంటే నేనూ అక్కడే మొదలుపెట్టేదాన్ని.

నేను వెళ్లేసరికి ఎక్స్‌రే వచ్చేసింది. శుభ్రంగా ఉంది. పాప నిమిషానికి 68 సార్లు ఊపిరి తీస్తోంది, కానీ డొక్కలెగరెయ్యడం లేదు. ముక్కుపుటాలు కదలడం లేదు. మూలుగు లేదు. ఆక్సిజన్ తీసేసి చూసినా 98 శాతం ఉంది. ఊపిరి మాత్రం లోతుగా, ఎవరో లోపలి నుంచి తోస్తున్నట్టు ఒకే లయలో వస్తోంది. ఊపిరితిత్తుల్లో జబ్బున్న పిల్లలు గాలి కోసం పెనుగులాడతారు. ఈ పాప పెనుగులాడడం లేదు. రక్తంలో పేరుకున్న ఆమ్లాన్ని గాలి ద్వారా బయటికి పంపడానికి శరీరం తీసే ఊపిరి ఇది.

రెండో సంగతి డయపర్. నాలుక ఎండిపోయింది, మాడు గుంటపడింది, పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే ముడత నెమ్మదిగా పోతోంది. ఒంట్లో ఇంత నీరు తగ్గిన పసిబిడ్డకు మూత్రం తగ్గిపోవాలి. డయపర్ విప్పితే నిండుగా, బరువుగా ఉంది. వేలికి జిగటగా తగిలింది. వాళ్లమ్మను అడిగాను, రోజుకు ఎన్ని మారుస్తున్నావమ్మా అని. "లెక్క లేదు మేడమ్. పాలు తాగుతూనే ఉంటుంది, తడుపుతూనే ఉంటుంది. బాగా తాగుతోంది కదా అని సంతోషపడ్డాం" అంది. పాప పుట్టిన బరువు 2.3 కిలోలు, నెలలు నిండిన కాన్పు. ఇప్పుడు 3.1 కిలోలు. అంతగా పాలు తాగే పిల్ల ఈ వయసులో రోజుకు పాతిక, ముప్పై గ్రాములు పెరగాలి. ఈ పాప సగటున పదిహేను కూడా పెరగలేదు.

గ్లూకోమీటర్ తెమ్మన్నాను. మడమ నుంచి ఒక చుక్క పెడితే స్క్రీన్ మీద అంకె రాలేదు, "హై" అని వచ్చింది. చర్మం మీద ఏదైనా తీపి అంటుకుందేమోనని మడమ కడిగి మళ్లీ చూశాం. మళ్లీ అదే. ల్యాబ్ నుంచి వచ్చిన అంకె 742. రక్తం పీహెచ్ 7.04, బైకార్బనేట్ 6, కార్బన్ డయాక్సైడ్ 23, కీటోన్లు 5.6. అంటే రక్తంలో ఆమ్లం బాగా పేరుకుపోయింది. పాప వచ్చిన దగ్గర్నుంచి ఆ మొదటి చుక్క దాకా నలభై నిమిషాలు గడిచాయి. ఇప్పుడు మా ఎమర్జెన్సీలో మగతగా ఉన్న ఏ పసిబిడ్డకైనా ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టే చేత్తోనే షుగర్ కూడా చూడాలని రాసిపెట్టుకున్నాం. పరీక్షకు పట్టేది పది సెకన్లు.

ఆ రాత్రి

ఇన్సులిన్ లేక శరీరం కొవ్వును కరిగిస్తే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి, దాన్ని డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటాం. దీనికి వైద్యం పెద్ద పిల్లల్లోనూ పసివాళ్లలోనూ సూత్రంగా ఒకటే: ముందు నీరు, తర్వాత ఇన్సులిన్, పొటాషియం మీద కన్ను, మెదడు వాపు మీద ఇంకో కన్ను. తేడా అంతా కొలతల్లో ఉంది. కిలోకు 10 మిల్లీలీటర్ల సెలైన్ అంటే ఈ పాపకు 31 మిల్లీలీటర్లు, ఒక పెద్ద సిరంజిలో పట్టేంత. అరగంటలో ఇచ్చాం. నీరు మొదలుపెట్టిన గంట తర్వాతే ఇన్సులిన్, అదీ గంటకు కిలోకు 0.05 యూనిట్ల చొప్పున. ఒక్కసారిగా బోలస్ ఇవ్వలేదు. బైకార్బనేట్ ఇవ్వలేదు.

3.1 కిలోలకు లెక్కేస్తే గంటకు 0.155 యూనిట్లు. మామూలుగా మేం కలిపే పద్ధతిలో, అంటే మిల్లీలీటరుకు ఒక యూనిట్ చొప్పున కలిపితే, పంపు గంటకు 0.155 మిల్లీలీటర్లు తోయాలి. అంత తక్కువ వేగాన్ని సిరంజి పంపు నమ్మకంగా ఇవ్వదు. కాసేపు ఏమీ పోదు, తర్వాత ఒక్కసారిగా పోతుంది. అందుకని 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో 5 యూనిట్లే కలిపి, గంటకు ఒకటిన్నర మిల్లీలీటర్ల చొప్పున పెట్టాం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇన్సులిన్ ప్లాస్టిక్ గొట్టం గోడలకు అతుక్కుంటుంది. ఇంత పలుచటి ద్రావణంలో అది చాలా తేడా తెస్తుంది. పాపకు తగిలించే ముందు గొట్టం గుండా కొంత ద్రావణం వదిలి పారబోశాం. దీన్ని మరిచిపోతే మొదటి రెండు గంటలు "ఇన్సులిన్ పని చెయ్యడం లేదు" అనుకుని మోతాదు పెంచేస్తారు.

తెల్లారేసరికి షుగర్ 290కి దిగింది, డ్రిప్‌లో డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్, చేర్చాం. ముప్పై గంటలకు పీహెచ్ మామూలుకొచ్చింది. పాప కళ్లు తెరిచి పాలకు ఏడ్చింది. ఐసీయూలో ఆ ఏడుపు విన్నప్పుడు కలిగే నిశ్చింత ఏ రిపోర్టూ ఇవ్వదు.

దీన్ని టైప్ 1 అనకూడదు

అసలు కేసు ఇక్కడ మొదలైంది. పాప బతికింది, కీటోన్లు పోయాయి, ఇన్సులిన్ ఇస్తే షుగర్ తగ్గుతోంది. ఇక కేస్ షీట్ మీద "టైప్ 1 డయాబెటిస్" అని రాసి, ఇంజెక్షన్ చెయ్యడం వాళ్లమ్మకు నేర్పి ఇంటికి పంపడమే మిగిలినట్టు కనిపిస్తుంది. చాలా చోట్ల అదే జరుగుతుంది. చాలా ఏళ్లు నేనూ అదే చేశాను. దాని గురించి తర్వాత చెబుతాను.

టైప్ 1 అంటే శరీరంలోని రక్షణ వ్యవస్థ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే తన సొంత బీటా కణాల మీద తిరగబడడం. దానికి సమయం పడుతుంది. ఆరు నెలల లోపు మొదలైన షుగర్‌కు కారణం దాదాపు ఎప్పుడూ ఒక్క జన్యువులో వచ్చిన మార్పే. దీన్ని నియోనేటల్ డయాబెటిస్ అంటాం. సుమారు లక్ష కాన్పుల్లో ఒకరికి వస్తుంది. అరుదే. కానీ ఆ అరుదైన పిల్లల్లో గణనీయమైన భాగానికి ఇన్సులిన్ ఇంజెక్షనే అక్కర్లేదు. పేరు తప్పుగా రాస్తే పోయేది అదే.

పుట్టినప్పటి బరువు ఒక ఆధారం. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఇన్సులిన్ ఎదుగుదల హార్మోను లాంటిది. నెలలు నిండినా పాప 2.3 కిలోలే ఉందంటే, పుట్టక ముందు నుంచే ఇన్సులిన్ తక్కువగా ఉందేమో అని అడగాలి. అప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

పరీక్షల్లో టైప్ 1లో కనిపించే జీఏడీ, ఐఏ2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ యాంటీబాడీలు లేవు. ఇన్సులిన్‌తో పాటే క్లోమం వదిలే సీ-పెప్టైడ్ కొలతకు అందనంత తక్కువ. ఇది చూసి చాలామంది "చూశారా, క్లోమంలో ఇన్సులిన్ లేదు, టైప్ 1 లాంటిదే" అంటారు. తొందరపడకూడదు. ఇన్సులిన్ తయారవకపోయినా సీ-పెప్టైడ్ కనిపించదు, తయారై బయటికి రాలేకపోయినా కనిపించదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఈ వయసులో పనికిరాదు, ఎందుకంటే రక్తంలో ఇంకా పిండదశ హిమోగ్లోబినే ఎక్కువగా ఉంటుంది. ఎవరైనా ఆ పరీక్ష చేసి "మామూలుగానే ఉంది" అంటే మోసపోవద్దు.

పాపను తల నుంచి కాలిదాకా మళ్లీ చూశాను. నాలుక పెద్దదిగా లేదు, బొడ్డు దగ్గర హెర్నియా లేదు. ఉండి ఉంటే ఆరో క్రోమోజోమ్ మీద 6క్యూ24 భాగంలో మార్పు వల్ల వచ్చే తాత్కాలిక రకం గుర్తొచ్చేది. అది సాధారణంగా పుట్టిన మొదటి వారాల్లోనే మొదలై కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది, కౌమారంలో మళ్లీ రావచ్చు. స్కానింగ్‌లో క్లోమం కనిపించింది, గుండెలో లోపం లేదు. అంటే క్లోమమే ఏర్పడని రకం కాదు. థైరాయిడ్ బాగుంది. రక్తహీనత లేదు, వినికిడి పరీక్ష పాస్ అయింది. ఈ చివరి రెండూ ఎందుకంటే, షుగర్, రక్తహీనత, చెవుడు మూడూ కలిసి వచ్చే ఒక జబ్బు ఉంది. దానికి థయామిన్, అంటే బీ1 విటమిన్, వైద్యం. మందుకు లొంగే జబ్బును వదిలేయకూడదు. తల్లిదండ్రులు దగ్గరి బంధువులు కారు. అయి ఉంటే కాలేయాన్నీ ఎముకలనూ కూడా దెబ్బతీసే వోల్కాట్ రాలిసన్ సిండ్రోమ్ గురించి ముందు ఆలోచించేదాన్ని.

నరాల పరీక్షలో ఒక చిన్న అనుమానం మిగిలింది. కండరాల బిగువు కొంచెం తక్కువ, చూపు నిలపడం ఆలస్యం. ఐసీయూ నుంచి లేచిన పాప కాబట్టి బలహీనత అనుకోవచ్చు. అనుకోకుండా రాసి పెట్టుకున్నాను.

తల్లి, తండ్రి, పాప, ముగ్గురి రక్తమూ జన్యు పరీక్షకు పంపాం. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం ప్రయోగశాల తొమ్మిది నెలల లోపు షుగర్ మొదలైన పిల్లలకు ఈ పరీక్షను ఏ దేశం నుంచి పంపినా ఉచితంగా చేస్తూ వస్తోంది. "పరీక్ష ఖర్చు, దూరం" అన్న కారణాలతో వెనకాడే డాక్టర్ల కోసం ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఫలితం వచ్చేదాకా మూడు వారాలు పాపను ఇన్సులిన్ మీదే ఉంచాం. ఈ దశ తల్లిదండ్రులకు నిజమైన నరకం. రోజంతటికీ పాపకు కావాల్సింది రెండు యూనిట్ల పైచిలుకు. ఒక్కో పూటకు అర యూనిట్ కూడా కాదు. అందుకని కంపెనీ వాళ్ల డైల్యూయెంట్‌తో ఇన్సులిన్‌ను పదింతలు పలుచన చేసి వాడాం. అప్పుడు సిరంజి మీద 4 గీత అంటే నిజానికి 0.4 యూనిట్. ఇది పొరపాటుకు పుట్టిల్లు. పలుచన చెయ్యని సీసా ఇంట్లో ఉంచొద్దని గట్టిగా చెప్పాం. ఇంట్లో ఉన్న పలుచన సీసా మీద ఎర్ర స్టిక్కరు అంటించాం. వాళ్లాయన గోడకు అంటించిన కాగితం మీద ఒక్కో పూటకూ సిరంజి బొమ్మ గీసి, ఎక్కడిదాకా లాగాలో రంగు పెన్సిల్‌తో నింపాడు. అంత జాగ్రత్తగా చేసినా ఒక తెల్లవారుజామున షుగర్ 41కి పడింది. పాప పాలు కొంచెం తాగి నిద్రపోయింది, అంతే కారణం. ఫోన్‌లో వాళ్లమ్మ గొంతు నాకింకా గుర్తుంది.

కొన్ని జన్యు మార్పుల్లో ఇన్సులిన్‌కు బదులు షుగర్ మాత్రలే పనిచేస్తాయి కాబట్టి, ఫలితానికి ముందే అవి మొదలుపెట్టి చూడొచ్చు కదా అని ఒక సహచరుడు అడిగారు. కొన్ని కేంద్రాల్లో అలా చేస్తారు, జన్యు పరీక్ష దొరకని చోట అదే సరైన దారి కూడా కావచ్చు. నేను ఆగాను. మార్పు ఇన్సులిన్ జన్యువులోనే ఉంటే మాత్ర పని చెయ్యదు, తాత్కాలిక రకమైతే దానంతట తగ్గుతున్న జబ్బును చూసి మాత్రే తగ్గించిందని పొరబడతాం. మూడు వారాల్లో స్పష్టమైన జవాబు వస్తుందని తెలిసినప్పుడు ఆగడమే మేలనిపించింది. ఆ 41 వచ్చిన రోజు మాత్రం నా నిర్ణయం మీద నాకే సందేహం కలిగింది.

మూసుకోని తలుపు

రిపోర్టు వచ్చింది. కేసీఎన్‌జే11 జన్యువులో ఆర్201హెచ్ మార్పు. తల్లిలో లేదు, తండ్రిలో లేదు. పాపలో కొత్తగా వచ్చింది.

తల్లిదండ్రులకు నేను చెప్పింది ఇలా. క్లోమంలోని బీటా కణాన్ని ఒక గది అనుకోండి. దానికో చిన్న తలుపు ఉంటుంది, దాంట్లోంచి పొటాషియం బయటికి పోతుంటుంది. భోజనం తర్వాత గ్లూకోజ్ లోపలికి వచ్చి శక్తిగా మారితే, ఆ శక్తి ఆ తలుపును మూసేస్తుంది. తలుపు మూసుకుంటేనే కణానికి "షుగర్ వచ్చింది, ఇన్సులిన్ వదులు" అని కబురు అందుతుంది. మీ పాపలో తలుపు గొళ్లెం సరిగా లేదు. ఎంత షుగర్ వచ్చినా తలుపు తెరిచే ఉంటుంది. లోపల ఇన్సులిన్ నిండుగా ఉంది, బయటికి వదలమని చెప్పేవాళ్లు లేరు.

1984లో ఫ్రాన్సెస్ ఆష్‌క్రాఫ్ట్ బృందం గ్లూకోజ్ వల్ల ఈ తలుపు, అంటే పొటాషియం చానల్, మూసుకుంటుందని చూపింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2004లో, అన్నా గ్లాయిన్, ఆండ్రూ హ్యాటర్‌స్లీ బృందం శాశ్వత నియోనేటల్ డయాబెటిస్ ఉన్న 29 మందిని పరీక్షిస్తే పది మందిలో ఈ చానల్‌లో ఒక భాగాన్ని తయారుచేసే కేసీఎన్‌జే11 జన్యువులో మార్పులు దొరికాయి. ఆ పరిశోధనలోని గొప్పతనం కారణం కనుక్కోవడంతో ఆగలేదు. ఈ చానల్‌కు రెండో భాగం ఒకటి ఉంది, ఎస్‌యూఆర్1 అంటారు, ఏబీసీసీ8 జన్యువు దాన్ని తయారుచేస్తుంది. పెద్దవాళ్ల టైప్ 2 షుగర్‌కు దశాబ్దాలుగా వాడుతున్న గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర సరిగ్గా ఆ భాగాన్ని పట్టుకుని తలుపును మూసేస్తుంది. గ్లూకోజ్ చెయ్యలేని పని మాత్ర చేస్తుంది. 2006లో వచ్చిన అధ్యయనంలో కేసీఎన్‌జే11 మార్పు ఉన్న 49 మందికి మాత్రలిస్తే 44 మంది ఇన్సులిన్ పూర్తిగా మానేయగలిగారు. షుగర్ కంట్రోల్ ఇన్సులిన్ మీద ఉన్నప్పటి కంటే మెరుగైంది. 2018లో పదేళ్ల ఫలితాలు వచ్చాయి: అలా మాత్రలకు మారిన 81 మందిలో 93 శాతం అప్పటికీ ఇన్సులిన్ లేకుండానే ఉన్నారు.

వాళ్లమ్మ అన్నీ విని ఒకటే అడిగింది. "నేను కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా తప్పు చేశానా మేడమ్?" ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు, అయినా ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. లేదమ్మా, నీ తిండి వల్ల కాదు, నీ పాల వల్ల కాదు, ఎవరి వైపు నుంచీ వచ్చింది కాదు, కణాలు విడిపోయేటప్పుడు ఒక్క అక్షరం మారింది అని చెప్పాను. వాళ్లాయనను కూడా కూర్చోబెట్టి అదే మాట మళ్లీ చెప్పాను. అది ఆమె ఒక్కతే వింటే సరిపోదు. తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం చాలా తక్కువ, కానీ పూర్తిగా సున్నా అనలేం. ఈ పాప పెద్దయి తల్లయితే మాత్రం తన బిడ్డకు రావడానికి సగం అవకాశం ఉంటుంది.

ఐదు రోజులు

మాత్రకు మార్చడం ఇంట్లో చేసే పని కాదు. 81వ రోజున, నాలుగు కిలోల బరువున్నప్పుడు, చేర్చుకున్నాం. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఈ జాతి మందులు రక్తకణాలను విరిచేసే ప్రమాదం ఉంది కాబట్టి ముందే ఆ పరీక్ష చేశాం, బాగుంది. 2018లో యూరప్‌లో పిల్లల కోసమే తయారైన ద్రవ రూపం అనుమతి పొందింది, కానీ మాకు దొరికింది పెద్దవాళ్ల మాత్రే. 5 మిల్లీగ్రాముల మాత్ర పొడి చేసి 10 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపాం. ఇది నీళ్లలో పూర్తిగా కరగదు, కింద పేరుకుంటుంది. ప్రతిసారీ బాగా కుదిపి, కుదిపిన వెంటనే సిరంజిలోకి లాగాలి. కుదపకుండా పై నీళ్లు లాగితే పాపకు మందు పోదు. వాళ్లమ్మ చేత పదిసార్లు చేయించి చూశాకే మొదలుపెట్టాం.

మొదటి మోతాదు పూటకు కిలోకు 0.1 మిల్లీగ్రాము, రోజుకు రెండు పూటలు. అంటే 0.8 మిల్లీలీటర్లు, పాలకు ముందు. పాలకు ముందు చూసిన షుగర్ 126 కంటే ఎక్కువుంటే మర్నాడు పూటకు ఇంకో 0.1 పెంచడం, ఇన్సులిన్ కొనసాగించడం. అంతకంటే తక్కువుంటే మాత్ర అలాగే ఉంచి ఇన్సులిన్ సగానికి తగ్గించడం. పద్ధతి ఇంతే.

మొదటి రోజు షుగర్లు 210 నుంచి 330 మధ్య. రెండో రోజు రోజంతటికీ కిలోకు 0.4కి పెంచాం, తేడా లేదు, పైగా నాలుగైదు సార్లు విరేచనాలయ్యాయి. ఈ మందు మొదలుపెట్టిన తొలిరోజుల్లో అలా కావడం తెలిసిందే, దానంతట తగ్గుతుంది, మందు ఆపకూడదు. కానీ ఆ సాయంత్రం వాళ్లాయన మొహం వాడిపోయి ఉంది. మూడో రోజు 0.6. ఆ సాయంత్రం పాలకు ముందు మా సిస్టర్ పట్టీ చూసి ఏమీ అనలేదు, మీటర్ తెచ్చి నా ముందు పెట్టింది. 118. ఇన్సులిన్ సగం చేశాం. నాలుగో రోజు మాత్ర అలాగే ఉంచాం. అర్ధరాత్రి రెండింటికి 64, ఆ పూట ఇన్సులిన్ వెయ్యలేదు. ఐదో రోజు నుంచి ఇన్సులిన్ అసలు వెయ్యలేదు. ఆ రోజు పాలు తాగాక చూసిన సీ-పెప్టైడ్ 1.4. అంతకు ముందు కొలతకే అందనిది.

షుగర్ మరీ పడిపోతుందేమో అన్న భయం అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. ఈ పిల్లల్లో అది అనుకున్నంత రాదు. మాత్ర తలుపు మూస్తే, పాలు పేగులోకి దిగినప్పుడు అక్కడి నుంచి వచ్చే హార్మోన్లు కణాన్ని ఇంకాస్త ప్రేరేపిస్తాయి. కాబట్టి తిన్నప్పుడే ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది. బయటి నుంచి సూదితో వేసే ఇన్సులిన్‌కు పాప పాలు తాగిందో లేదో తెలియదు. సొంత క్లోమానికి తెలుసు.

తొమ్మిదో రోజు 0.6 మోతాదు మీద ఇంటికి పంపాం. ఒక విషయం మాత్రం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను: మందు నయం చెయ్యలేదు, తలుపు పట్టుకుని ఉంది, మానేస్తే మళ్లీ అదే ఆయాసం. వాంతులై మందు నిలవకపోతే ఆగకుండా రావాలి. పళ్లు వచ్చాక మందు వేసిన ప్రతిసారీ నోరు శుభ్రం చెయ్యాలి, ఈ మందుతో పళ్లకు రంగు పట్టడం చూశారు.

ఇప్పుడు పాపకు పద్నాలుగు నెలలు. బరువు పెరిగినా మోతాదు తగ్గుతూ వచ్చింది, కిలోకు 0.3 చాలుతోంది. హెచ్‌బీఏ1సీ 5.7. పట్టుకుని నాలుగు అడుగులు వేస్తోంది. నేను రాసి పెట్టుకున్న బిగువు తక్కువ అనుమానం ఐదో నెలకే పోయింది. ఈ చానల్ మెదడులోనూ ఉంటుంది కాబట్టి అది నిజంగా జబ్బు భాగమో, ఐసీయూ నీరసమో ఇప్పుడు తేల్చలేను.

పాత ఫైలు

పాప రిపోర్టు వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఈ పాప కాదు.

మా షుగర్ ఓపీకి తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతి వస్తుంది. నా దగ్గరికి ఆరేళ్లుగా వస్తోంది. ఫైలు మీద టైప్ 1 అని ఉంటుంది. ప్రతి మూడు నెలలకూ ఇన్సులిన్ మోతాదు సరిచేసి, షుగర్ పుస్తకం చూసి, ఇంకొంచెం జాగ్రత్తగా ఉండండమ్మా అని వాళ్లమ్మకు చెప్పి పంపేదాన్ని. అమ్మాయి రెండున్నరేళ్లకు నడిచింది, మాటలు ఆలస్యం, చదువులో వెనకబడి ఉంది, బొత్తాలు పెట్టుకోలేదు. చిన్నప్పుడు షుగర్లు పడిపోవడం వల్ల మెదడు దెబ్బతిని ఉంటుందని నేనే రాశాను.

మర్నాడు ఫైలు తెప్పించి మొదటి పేజీ తీశాను. షుగర్ మొదలైన వయసు: పదకొండు వారాలు. ఆ పేజీ ఆరేళ్లుగా నా చేతికింద ఉంది. యాంటీబాడీలు ఎప్పుడూ చూడలేదు.

వాళ్లను పిలిపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇది నేను ముందే అడగాల్సిన ప్రశ్న, అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను అన్నాను. వాళ్లమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే షుగర్ ఎక్కువున్న ప్రతిసారీ నేను సరిగ్గా చూసుకోలేదనేగా మేడమ్ అనుకున్నాం" అంది. జవాబు చెప్పడానికి నాకు మాట రాలేదు.

కేసీఎన్‌జే11, వీ59ఎమ్. ఈ మార్పు షుగర్‌తో పాటు ఎదుగుదలనూ వెనక్కి లాగేదిగా పేరుపడింది. నడక, మాట, బొత్తాలు, అన్నీ ఒకే తలుపు వల్ల. మెదడు కణాల్లో కూడా అది తెరిచే ఉంది. తొమ్మిదేళ్లు ఆలస్యంగా మాత్రలు మొదలుపెట్టాం. ఈ పిల్లకు ఐదు రోజులు సరిపోలేదు, మోతాదు కిలోకు 0.9 దాకా వెళ్లాల్సి వచ్చింది, పదకొండో రోజుకు ఇన్సులిన్ ఆగింది. 9.1 ఉన్న హెచ్‌బీఏ1సీ ఆరు నెలల్లో 6.6కి వచ్చింది. ఒక చోట కూర్చోగలుగుతోందని, వాక్యాలు కొంచెం పొడుగయ్యాయని టీచరు రాసి పంపారు. బొత్తాలు ఇప్పటికీ కష్టమే. పసితనంలో మొదలుపెట్టి ఉంటే ఎంత మిగిలేదో ఎవరూ చెప్పలేరు. చిన్న వయసులో మందు మొదలైన పిల్లల్లో మెదడుకు మేలు ఎక్కువగా కనిపిస్తుందన్నది మాత్రం తెలుసు. నేను మోసేది ఆ తేడాను.

ఇన్సులిన్ ఆపిన మొదటి వారం వార్డులో పళ్లెం ముందు పెట్టగానే ఆ అమ్మాయి అలవాటుగా చొక్కా పైకెత్తి పొట్ట చూపించేది. వాళ్లమ్మ వద్దని చొక్కా దించేది. రెండు నిమిషాలకు మళ్లీ ఎత్తేది. "సూది మర్చిపోయావమ్మా" అనేది.

ఆ తర్వాత మా రిజిస్టర్ మొత్తం తిరగేశాం, వెతికింది ఒక్క గడి కోసమే: మొదలైన వయసు. ఆరు నెలల లోపు వాళ్లు ఇంకో ముగ్గురు తేలారు. ఒకరికి ఇన్సులిన్ జన్యువులోనే మార్పు, ఇన్సులిన్ కొనసాగుతుంది, కానీ ఇప్పుడు ఎందుకో తెలుసు. ఒకరి రక్తం పోయిన వారం పంపాం. మూడో పిల్లాడు నాలుగేళ్లుగా రావడం లేదు, ఫైల్లో ఉన్న ఫోన్ నంబరు పని చెయ్యడం లేదు. టీకాల రిజిస్టర్లో వాళ్ల అడ్రసు దొరుకుతుందేమో చూడమని మా సిస్టర్‌కు చెప్పాను.